నంబర్ 10 నుంచి వెనక్కి జరిపితే అబ్బాయి కెరీర్ తగ్గిపోయినట్టేనా?

17 ఏళ్ల మీ అబ్బాయి మూడేళ్లుగా ఫుట్‌బాల్ జట్టులో స్ట్రైకర్ (గోల్స్ చేసే ముందు వరస ఆటగాడు) వెనక నంబర్ 10గా ఆడుతున్నాడని, ఈ సీజన్ మొదట్లో కోచ్ అతన్ని డిఫెండర్ల ముందుండే నంబర్ 6 స్థానానికి జరిపారని, గోల్స్ తగ్గిపోవడంతో ఇంట్లో అందరూ దీన్ని దిగజార్చడంగానే భావిస్తున్నారని మీరు రాశారు. అబ్బాయి పొట్టిగా ఉంటాడన్న దిగులు కూడా మీ ప్రశ్నలో కనిపించింది. ప్రొఫెషనల్ మిడ్‌ఫీల్డర్ (డిఫెండర్లకూ స్ట్రైకర్‌కూ మధ్య ఆడేవాడు) కెరీర్ ఎలా సాగుతుంది, ఎన్నాళ్లు ఉంటుంది అని కూడా అడిగారు. నేను పదకొండేళ్లపాటు రెండో, మూడో స్థాయి లీగుల్లో మిడ్‌ఫీల్డ్‌లోనే ఆడాను. ఆ తరువాత అంతకన్నా ఎక్కువ కాలంగా 15 నుంచి 19 ఏళ్ల పిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు మీ దిగులుకు జవాబు చెబుతాను. జట్టులో ఎక్కడా ఇమడని పిల్లవాణ్ణి డిఫెండర్ల ముందు నిలబెట్టే కోచ్ ఉండడు, ఎందుకంటే అక్కడ పోయిన బంతి కొన్ని సెకన్లలోనే మన గోల్ ముందు ప్రత్యక్షమవుతుంది. నంబర్ 10 పాస్ తప్పితే ఒక దాడి ఆగిపోతుంది, అంతే. నంబర్ 6 పాస్ తప్పితే అప్పటికే ముందుకు కదిలిన సహచరులందరూ వెనక్కి పరుగెత్తాలి. అందువల్ల బంతి మీద నమ్మకం కుదిరిన ఆటగాణ్ణే సాధారణంగా అక్కడికి జరుపుతారు. అంతకన్నా పెద్ద విషయం ఒకటుంది. మిడ్‌ఫీల్డర్ కెరీర్ అంటే పదిహేనేళ్లపాటు చేసే ఒకే ఉద్యోగం అని చాలామంది అనుకుంటారు. దగ్గరగా చూస్తే అందులో మూడు నాలుగు వేర్వేరు ఉద్యోగాలు ఉంటాయి. ఒక దాన్ని సమయానికి వదిలి తరువాతి దాన్ని మనస్ఫూర్తిగా నేర్చుకున్నవాళ్లే ఎక్కువ కాలం ఆడారు. మీ అబ్బాయికి ఆ మార్పు 17 ఏళ్లకే ఎదురైంది. నాకు 22 ఏళ్లకు ఎదురైతే నేను అలిగి సగం సీజన్ పోగొట్టుకున్నాను.

ఇందుకు ఆండ్రియా పిర్లోను మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఆయన బ్రెషియాలో నంబర్ 10గానే ఎదిగారు. 1998లో ఇంటర్ మిలాన్ ఆయన్ను కొనుక్కుంది కానీ అక్కడ ఆ స్థానంలో నిలదొక్కుకోలేకపోయారు. ఒక సీజన్ రెజీనా క్లబ్‌కు లోన్‌పై, అంటే తాత్కాలికంగా ఆడడానికి, వెళ్లి వచ్చారు, మళ్లీ బెంచ్ మీదికే చేరారు. 2001 జనవరిలో పాత క్లబ్ బ్రెషియాకే లోన్‌పై తిరిగి వెళ్లేసరికి అక్కడ నంబర్ 10 స్థానంలో రాబెర్టో బాజ్జో ఉన్నారు. కోచ్ కార్లో మాజ్జోనే పిర్లోను డిఫెన్స్ ముందుకు జరిపారు. ఆ వసంతంలో యువెంటస్ మీద ఆడిన మ్యాచ్‌లో పిర్లో మైదానం మధ్య నుంచి డిఫెండర్ల తలల మీదుగా బంతిని ఎత్తి వేయడం, బాజ్జో దాన్ని ఒక్క స్పర్శతో అదుపు చేసి గోల్‌కీపర్‌ను దాటించి గోల్ చేయడం ఇప్పటికీ వీడియోల్లో చూడవచ్చు. అబ్బాయితో కలిసి తప్పకుండా చూడండి. గోల్ దగ్గర గుంపులో దొరకని చోటు, సమయం, చూపు పిర్లోకు 30 మీటర్లు వెనక్కి వచ్చాక దొరికాయని ఆ ఒక్క పాస్ చూపిస్తుంది. ఆ వేసవిలోనే ఏసీ మిలాన్ ఆయన్ను తీసుకుంది. అక్కడి కోచ్ కార్లో ఆంచెలోటి ఆయన్ను అదే స్థానంలో స్థిరపరిచారు. 2003, 2007లలో ఐరోపా మేటి క్లబ్‌ల పోటీ అయిన చాంపియన్స్ లీగ్, 2006లో ప్రపంచకప్ వచ్చాయి. 2011లో, 32 ఏళ్ల వయసులో, ట్రాన్స్‌ఫర్ రుసుము (ఆటగాడి కోసం పాత క్లబ్‌కు కొత్త క్లబ్ చెల్లించే డబ్బు) లేకుండా యువెంటస్‌కు వెళ్లి అక్కడ వరుసగా నాలుగు లీగ్ టైటిళ్లు గెలిచారు. నంబర్ 10గానే పట్టుబట్టి ఉంటే ఇన్నేళ్ల ఆట ఆయనకు దక్కేదని నేను అనుకోను.

ఇలాంటి మార్పు ఆయన ఒక్కరికే పరిమితం కాదు. బాస్టియన్ ష్వైన్‌స్టైగర్ చాలా ఏళ్లు మైదానం అంచుల్లోనే ఆడారు. 2009లో బయర్న్ మ్యూనిక్‌కు వచ్చిన లూయిస్ వాన్ హాల్ ఆయన్ను మధ్యలోకి తెచ్చారు. 2014 ప్రపంచకప్ ఫైనల్లో జర్మనీ మిడ్‌ఫీల్డ్‌ను మోసింది ఆయనే. ఇక డిఫెన్స్ ముందు ఆడేవాడికి పేరు రాదన్న మాట ఇప్పుడు చెల్లదు. ఏటా ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ 2024లో రోద్రికి దక్కింది, ఆయన స్థానం సరిగ్గా అదే.

అయితే స్థానం మారినంత మాత్రాన ఆట రాదు. ఈ స్థానానికి కాళ్లకన్నా ముందు మెడ కావాలని నేను మా పిల్లలకు చెబుతుంటాను. వచ్చే మ్యాచ్‌లో ఒక పని చేయండి. పక్క గీత దగ్గర, మధ్యలో నిలబడి, పదిహేను నిమిషాలపాటు బంతిని పూర్తిగా వదిలేసి మీ అబ్బాయి తలనే చూడండి. మన సెంటర్‌బ్యాక్ (మధ్యలో ఆడే డిఫెండర్) కాళ్ల దగ్గర బంతి ఉన్నప్పుడు అబ్బాయి ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తున్నాడా? పాస్ ఇవ్వడానికి సెంటర్‌బ్యాక్ కాలు వెనక్కి వెళ్లిన క్షణంలో చివరిగా మరొకసారి చూస్తున్నాడా? చూస్తే ప్రత్యర్థి తన ఎడమవైపు నుంచి వస్తున్నాడని అతనికి ముందే తెలుస్తుంది. అప్పుడు కుడి కాలిని వెనక్కి పెట్టి, శరీరాన్ని సగం తెరిచి, దగ్గరున్న ఎడమ కాలితో కాకుండా దూరంగా ఉన్న కుడి కాలితో బంతిని అందుకుంటాడు. ఆ ఒక్క స్పర్శతోనే మైదానం అంతా అతని ఎదుటికి వస్తుంది. చూడని పిల్లవాడు బంతి అందాక తల ఎత్తుతాడు. అప్పటికే ప్రత్యర్థి ఊపిరి వీపుకు తగులుతుంటుంది కాబట్టి బంతిని వచ్చిన చోటికే తిప్పి పంపడం తప్ప మరో దారి ఉండదు. నార్వే పరిశోధకుడు గీర్ యోర్డెట్ ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్లను ఒక్కొక్కరినే కెమెరాతో వెంబడించి, బంతి అందే ముందు ఎక్కువసార్లు చుట్టూ చూసేవాళ్ల పాస్‌లు ఎక్కువగా గురి చేరుతున్నాయని చూపించారు. ఇది సాధనతో వచ్చే అలవాటు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి మొదట్లో ఇది ఉండదు. రోజూ పాసింగ్ సాధనలో వెనక నిలబడి వేళ్లు చూపిస్తూ, బంతి అందేలోపు ఎన్ని వేళ్లో చెప్పమంటే కొన్ని నెలల్లో ఒంటికి పడుతుంది.

ఎత్తు గురించి మీ దిగులుకు వస్తాను. లూకా మోడ్రిచ్ చిన్నతనంలో హైదుక్ స్ప్లిట్ క్లబ్ ఆయన్ను బక్కగా, చిన్నగా ఉన్నాడని వద్దనుకుంది. డైనమో జాగ్రెబ్ తీసుకుని, 18 ఏళ్లకు బోస్నియాలోని జ్రిన్‌స్కీ మోస్టార్‌కు లోన్‌పై పంపింది. దెబ్బలాటకు పేరుపడిన ఆ లీగ్‌లో ఒక్క సీజన్ ఆడి అక్కడి ఉత్తమ ఆటగాడిగా నిలిచారు. ఎన్గోలో కాంటే 21 ఏళ్లకు ఫ్రాన్స్ మూడో స్థాయి లీగ్‌లో బులోన్ తరఫున ఆడుతున్నారు. 2015లో లెస్టర్‌కు, తరువాతి ఏడాది చెల్సీకి వెళ్లి వరుసగా రెండేళ్లు రెండు వేర్వేరు క్లబ్‌లతో ఇంగ్లిష్ లీగ్ గెలిచారు, 2018లో ప్రపంచకప్ అందుకున్నారు. 17 ఏళ్లకు శరీరం కుదురుకోకపోవడం తరువాతి పదేళ్ల గురించి ఏమీ చెప్పదు. అయితే పొట్టి పిల్లలందరూ మోడ్రిచ్‌లవుతారని కూడా నేను అనను. వాళ్లిద్దరూ చిన్న శరీరంతో నెగ్గడానికి ఒక్కొక్కరు ఒక్కో దారి వెతుక్కున్నారు. మోడ్రిచ్ ప్రత్యర్థి తాకేలోపే బంతిని వదిలేసేవారు, కాంటే ప్రత్యర్థికన్నా ముందే పాస్ దారిలోకి చేరేవారు. మీ అబ్బాయి దారి ఏదో ఇప్పుడు ఆడుతున్న స్థానంలోనే త్వరగా తేలుతుంది.

18 నుంచి 22 ఏళ్ల మధ్య కాలమే అన్నిటికన్నా కష్టమైనది. అకాడమీలో మెరిసినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే రాలిపోతారు. పిల్లల జట్టులో తప్పు చేస్తే నేర్చుకుంటాడులే అంటారు. పెద్దల జట్టులో అదే తప్పు సహచరుల గెలుపు బోనస్‌ను, కోచ్ ఉద్యోగాన్ని తీసుకెళ్తుంది. అందుకే కోచ్‌లు కుర్ర మిడ్‌ఫీల్డర్లను ఆడించడానికి వెనకాడతారు, ఫార్వర్డ్‌లకు చివరి ఇరవై నిమిషాల్లో దొరికే అవకాశం నంబర్ 6కు తేలిగ్గా దొరకదు. ఈ దశలో పెద్ద క్లబ్ బెంచ్ మీద కూర్చోవడంకన్నా చిన్న క్లబ్‌లో వారం వారం 90 నిమిషాలు ఆడడమే మేలని నా గట్టి అభిప్రాయం. లోన్‌పై పంపేటప్పుడు ఆ క్లబ్ ఏ స్థానంలో ఆడిస్తుంది, అక్కడి కోచ్ బంతిని మిడ్‌ఫీల్డ్ మీదుగా నడిపిస్తాడా, లేక వెనక నుంచి నేరుగా ముందుకు కొట్టిస్తాడా అని ముందే కనుక్కోవాలి. మా తరంలో చాలామంది మిడ్‌ఫీల్డర్లు సీజన్ అంతా తలల మీదుగా వెళ్లే బంతిని చూస్తూ గడిపి, ఏమీ నేర్చుకోకుండా తిరిగి వచ్చారు.

ఒప్పందాల సంగతి తండ్రిగా మీరు చూసుకోవాల్సింది. ఈ రోజు ఆటగాడు ఒప్పందం ముగిశాక స్వేచ్ఛగా వెళ్లగలుగుతున్నాడంటే అందుకు కారణం ఒక మిడ్‌ఫీల్డరే. బెల్జియంలో లియేజ్ క్లబ్‌తో జాన్-మార్క్ బోస్మాన్ ఒప్పందం 1990లో ముగిసింది. అయినా ట్రాన్స్‌ఫర్ రుసుము దగ్గర పేచీ వచ్చి ఆయన ఫ్రాన్స్‌లోని డంకెర్క్‌కు వెళ్లలేకపోయారు. ఆయన కోర్టుకెక్కితే 1995 డిసెంబర్ 15న యూరోపియన్ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. అప్పటికి ఆయన ఆడే వయసు దాదాపు దాటిపోయింది. ఆ తీర్పు ఫలం తరువాతి వాళ్లందరికీ అందింది, ఆయనకు మాత్రం అందలేదు. ఆయన పేరు ప్రతి కుర్ర ఆటగాడికీ తెలిసి ఉండాలని నేను కోరుకుంటాను. ఫిఫా నిబంధనల ప్రకారం 18 ఏళ్లలోపు ఆటగాడితో మూడేళ్లకు మించిన ఒప్పందం కుదరదు, ఆ తరువాత సాధారణంగా ఐదేళ్లు గరిష్ఠం. ఒప్పందంలో చివరి ఆరు నెలలు మిగిలినప్పుడు ఆటగాడు మరో క్లబ్‌తో ముందుగానే సంతకం చేసుకోవచ్చు. కొన్ని మినహాయింపులు తప్ప, 18 నిండకుండా మరో దేశపు క్లబ్‌కు బదిలీ జరగదు. కాబట్టి ఈ వయసులోనే విదేశీ క్లబ్‌లో చేర్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే మాట ఆపేయండి. లైసెన్స్ ఉన్న ఏజెంటా కాదా అని చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఇక శరీరం. మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో సుమారు 10 నుంచి 12 కిలోమీటర్లు కదులుతాడు. అందులో నేరుగా సాగే పరుగు తక్కువ, ఆగడం, తిరగడం, మళ్లీ అందుకోవడమే ఎక్కువ. ఆ తిరగడాలే మోకాళ్ల మీద, పిక్కల మీద, గజ్జల్లో పడతాయి. నా చివరి క్లబ్‌లో ఒప్పందం ముగిసే ఏడాది పిక్క నొప్పి దాచిపెట్టి ఆడాను, ఎందుకంటే గాయపడ్డవాడికి కొత్త ఒప్పందం ఇవ్వరని అందరికీ తెలుసు. ఉదయం మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేవాణ్ణి, సాయంత్రం శిక్షణలో నవ్వుతూ పరుగెత్తేవాణ్ణి. రెండు వారాల విశ్రాంతితో తగ్గే చిన్న చిరుగు చివరికి ఐదు నెలలు తీసుకుంది. ఒప్పందం ఎలాగూ రాలేదు. మీ అబ్బాయి నొప్పి అంటే నమ్మండి, దాన్ని కోచ్‌తో చెప్పే ధైర్యం ఇంట్లోనే ఇవ్వండి.

పెద్ద గాయం తగిలితే కెరీర్ ముగిసినట్టే అనుకోనక్కర్లేదు. చావి హెర్నాండెజ్‌కు 2005 డిసెంబర్‌లో శిక్షణలో మోకాలి లిగమెంట్ తెగింది. ఆయన అత్యుత్తమ కాలమంతా ఆ తరువాతే వచ్చింది. 2008 యూరో (ఐరోపా దేశాల జట్ల కప్పు) ఉత్తమ ఆటగాడు, 2010 ప్రపంచకప్ విజేత, బార్సిలోనాకు మొత్తం 767 మ్యాచ్‌లు. సాంతి కాథోర్లా కథ ఇంకా దారుణమైనది. 2016 అక్టోబర్ తరువాత ఆయన ఆర్సెనల్‌కు మళ్లీ ఆడలేకపోయారు. మడమ స్నాయువులో 8 సెంటీమీటర్ల మేర ఇన్‌ఫెక్షన్ తినేసింది, ముంజేతి చర్మం తీసి మడమకు అతికించారు. ఆ చర్మం మీద కూతురి పేరు పచ్చబొట్టు ఉండేది, ఇప్పుడు అందులో కొంత భాగం ఆయన మడమ మీద ఉంది. దాదాపు రెండేళ్ల తరువాత విల్లారియల్‌తో తిరిగి వచ్చి, చివరికి తాను చిన్నతనంలో ఆట నేర్చుకున్న రియల్ ఓవియెడోకు వెళ్లి, 2025లో 40 ఏళ్ల వయసులో ఆ క్లబ్‌ను మొదటి స్థాయి లీగ్‌కు చేర్చిన జట్టులో ఉన్నారు. ఆ వార్త చదివినప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు.

గుండె పరీక్ష ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి. 2012 మార్చి 17న బోల్టన్ మిడ్‌ఫీల్డర్ ఫాబ్రిస్ ముయాంబా మ్యాచ్ మధ్యలో కుప్పకూలారు. ఆయన గుండె 78 నిమిషాలపాటు తనంతట తాను కొట్టుకోలేదు. ప్రాణం దక్కింది, ఆట అక్కడితో ముగిసింది. 2021 జూన్ 12న యూరో మ్యాచ్‌లో డెన్మార్క్ మిడ్‌ఫీల్డర్ క్రిస్టియన్ ఎరిక్సన్‌కూ అలాగే గుండె ఆగింది. ఛాతీలో డీఫిబ్రిలేటర్ (గుండె లయ తప్పితే సరిచేసే పరికరం) అమర్చారు. ఆ పరికరంతో ఆడడానికి ఇటలీ నిబంధనలు ఒప్పుకోకపోవడంతో ఇంటర్ మిలాన్‌ను విడిచి, 2022లో బ్రెంట్‌ఫర్డ్‌తో మళ్లీ మైదానంలోకి వచ్చారు. మీ అబ్బాయికి ఈసీజీ, ఎకో ఇప్పటిదాకా తీయించకపోతే ఈ నెలలోనే తీయించండి.

వెనక ఆడే మిడ్‌ఫీల్డర్‌కు ఎల్లో కార్డ్‌లు (రిఫరీ ఇచ్చే హెచ్చరికలు) కూడా వృత్తిలో భాగమే, కానీ వాటిని లెక్కపెట్టుకోవాలి. 1999లో యువెంటస్‌తో జరిగిన సెమీఫైనల్లో ఎల్లో కార్డ్‌లు అందుకున్న మాంచెస్టర్ యునైటెడ్ మిడ్‌ఫీల్డర్లు రాయ్ కీన్, పాల్ స్కోల్స్ ఇద్దరూ సస్పెన్షన్ వల్ల చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు దూరమయ్యారు.

ముప్పై దాటాక మళ్లీ ఉద్యోగం మారుతుంది. వేగం తగ్గుతుంది, మ్యాచ్ తరువాత కాళ్లు తేలికపడడానికి ఒక రోజుకు బదులు మూడు రోజులు పడుతుంది. అంచుల్లో పరుగులతో పేరు తెచ్చుకున్న ర్యాన్ గిగ్స్ చివరి ఏళ్లలో మధ్యలోకి వచ్చి, 40 ఏళ్ల వరకు, యునైటెడ్‌కు 963 మ్యాచ్‌లు ఆడారు. మోడ్రిచ్ 38 ఏళ్ల వయసులో 2024 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో బెంచ్ మీది నుంచి వచ్చి ఆడి, ఆరోసారి ఆ కప్పు ఎత్తారు, మరుసటి ఏడాది ఏసీ మిలాన్‌కు వెళ్లారు. బాలన్ డి'ఓర్ గెలిచిన మనిషి చివరి అరగంట ఆటను కూడా అంతే శ్రద్ధగా ఆడడానికి ఒప్పుకున్నాడన్నది అబ్బాయికి చెప్పవలసిన విషయం. ఇప్పుడు మ్యాచ్ మధ్యలో ఐదుగురు ఆటగాళ్లను మార్చుకునే అవకాశం ఉండడం వల్ల ఇలాంటి ఆటగాళ్లను జట్లు అట్టిపెట్టుకోగలుగుతున్నాయి. అయితే ఇవి శిఖరాల కథలు. నాలాంటి మామూలు ప్రొఫెషనల్‌కు 32, 33 ఏళ్ల దగ్గర తలుపులు మూసుకుంటాయని, చాలామందికి అంతకన్నా ముందే మూసుకుంటాయని లెక్కవేసుకోండి. కాబట్టి చదువు ఆపనివ్వకండి. సాయంత్రం శిక్షణ ఉన్న పిల్లవాడికి ఉదయం రెండు గంటలు చదవడం అసాధ్యమేమీ కాదు.

ఆట ముగిశాక శిక్షణలోకి వెళ్లడానికి ఈ స్థానం బాగా ఉపయోగపడుతుంది. కోచ్‌లుగా పేరు తెచ్చుకున్న ఆంచెలోటి, గ్వార్డియోలా, డిడియర్ డెషాం, షాబీ అలోన్సో అందరూ మిడ్‌ఫీల్డ్ మధ్యలో ఆడినవాళ్లే. మొత్తం జట్టు కదలికను వీపు వెనక కూడా గుర్తుంచుకోవడం వాళ్లకు ఇరవై ఏళ్ల అలవాటు. 2008లో బార్సిలోనా పగ్గాలు చేపట్టిన గ్వార్డియోలా, అంతకుముందు ఏడాది నాలుగో స్థాయిలో తన రెండో జట్టుకు ఆడిన సెర్హియో బుస్కెట్స్‌ను పెద్ద జట్టులోకి తీసుకున్నారు. తాను ఆడిన స్థానం కాబట్టి ఆ పొడుగాటి, నెమ్మదైన కుర్రవాడిలో ఏముందో ఆయనకు కనిపించింది. రెండేళ్లకు బుస్కెట్స్ ప్రపంచకప్ విజేత.

కోచ్‌ను కలిసినప్పుడు మళ్లీ నంబర్ 10గా ఎప్పుడు ఆడిస్తారని అడగకండి. ఆ ప్రశ్న అబ్బాయి చెవిన పడితే ఇప్పుడున్న చోట మనసు పెట్టడు. మూడు విషయాలు మాత్రం అడగండి: ఇతనిలో ఏం చూసి వెనక్కి జరిపారు, బంతి మన దగ్గర లేనప్పుడు ఇతను ఎక్కడ నిలబడాలని మీరు కోరుకుంటున్నారు, సీజన్ చివరికి ఇతనిలో ఏం మారాలి. మొదటి ప్రశ్నకు కోచ్ అబ్బాయి ఆటలోని ఒక నిర్దిష్టమైన సందర్భాన్ని గుర్తుచేసి జవాబిస్తే నిశ్చింతగా ఉండండి. జట్టులో ఖాళీ ఉంది కాబట్టి పెట్టాం అంటే మాత్రం ఈ సీజన్ ఆడనిచ్చి, వచ్చే ఏడాదికి వేరే జట్టు చూడడం మొదలుపెట్టండి. మ్యాచ్ వీడియో ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టండి, అబ్బాయి బంతి అందుకునే ముందు ఎన్నిసార్లు తల తిప్పుతున్నాడో చూసి చెబుతాను.